లిగమెంట్లు: కట్టి ఉంచడమే కాదు, కనిపెట్టి ఉండటం కూడా

వైద్య కళాశాలల్లో స్టాండుకు వేలాడే అస్థిపంజరాన్ని దగ్గరగా చూస్తే కీళ్ల దగ్గర తీగలు, స్క్రూలు కనిపిస్తాయి. అవి తీసేస్తే మిగిలేది ఎముకల కుప్పే. బతికున్న శరీరంలో ఆ పని చేసేవి లిగమెంట్లు. పాఠ్యపుస్తకాల్లో వీటి పేరు సంధి బంధనాలు. ఎముకను ఎముకతో కలిపేది లిగమెంట్, కండరాన్ని ఎముకతో కలిపేది టెండాన్ అని బడిలో నేర్చుకున్న వాక్యం చాలామందికి గుర్తుంటుంది. అందులో తప్పేమీ లేదు. కాకపోతే ఆ వాక్యం విన్నాక లిగమెంట్ అంటే ఒక తాడు అనే ఊహ మనసులో స్థిరపడిపోతుంది. తాడు వాడినకొద్దీ బలపడదు, తెగితే తనంతట తాను అతుక్కోదు, తనను ఎంత లాగుతున్నారో ఎవరికీ చెప్పదు. లిగమెంట్ విషయంలో ఈ మూడూ చాలావరకు తలకిందులు. బెణుకును చిన్న విషయంగా కొట్టిపారేయడం, లేదంటే భయపడి వారాల తరబడి కాలు కదపకుండా కూర్చోవడం, ఈ రెండు పొరపాట్లకూ మూలం ఆ తాడు ఊహే.

లిగమెంట్ బరువులో సుమారు మూడింట రెండొంతులు నీరు. నీరు పోగా మిగిలినదాంట్లో అత్యధిక భాగం కొలాజెన్ అనే ప్రోటీన్. దాని పోగులు కట్టలు కట్టలుగా, ఎక్కువ లాగుడు ఏ దిక్కున పడుతుందో దాదాపు ఆ దిక్కునే పేర్చి ఉంటాయి. వాటి మధ్య పలచగా ఫైబ్రోబ్లాస్ట్ కణాలుంటాయి. పాత పోగులను తొలగించి కొత్తవి తయారుచేయడం వాటి పని. మైక్రోస్కోపులో చూస్తే ఈ పోగులు తిన్నగా ఉండవు, అలలు తేలినట్టు ముడతలు పడి ఉంటాయి. అసలు కిటుకు ఈ ముడతల్లోనే ఉంది. కీలు కాస్త కదిలినప్పుడు ముడతలు విప్పుకుంటాయి తప్ప లిగమెంట్ పెద్దగా అడ్డుపడదు. ముడతలన్నీ విప్పుకున్నాక మాత్రం ఒక్కసారిగా బిగుసుకుంటుంది. అందుకే మామూలు నడకలో లిగమెంట్ ఉన్న సంగతే తెలియదు. కీలు తన హద్దు దాటబోయినప్పుడే దాని పట్టు తెలుస్తుంది. ఆ తర్వాత కూడా లాగుడు ఆగకపోతే మొదట కొన్ని పోగులు తెగుతాయి, ఇంకా లాగితే మొత్తం తెగిపోతుంది. హాయిగా సాగడానికీ తెగడానికీ మధ్య ఉన్న దూరం దాని పొడవులో కొద్ది శాతం మాత్రమే.

ఎంత బలంతో లాగారన్నదే కాదు, ఎంతసేపు లాగారన్నది కూడా లెక్కలోకి వస్తుంది. చిన్న బరువైనా చాలాసేపు అలాగే ఉంచితే లిగమెంట్ నెమ్మదిగా సాగుతుంది, బరువు తీసేసిన వెంటనే మళ్లీ మొదటి పొడవుకు రాదు. నడుము వంచి చాలాసేపు కూర్చుని లేచిన మరుక్షణమే బరువైన పెట్టె ఎత్తవద్దని ఫిజియోథెరపిస్టులు చెప్పేది ఇందుకే. అప్పటికి వెన్నెముక లిగమెంట్లు సాగి ఉంటాయి, వాటి పట్టు తాత్కాలికంగా తగ్గి ఉంటుంది. లేచి ఒకటి రెండు నిమిషాలు అటూ ఇటూ నడిస్తే కొంతవరకైనా సర్దుకుంటాయి.

అన్ని లిగమెంట్లూ ఒకే పదార్థంతో తయారు కావు. వెన్నుపూసల వెనుక భాగాలను కలిపే లిగమెంటమ్ ఫ్లావమ్ పసుపు రంగులో ఉంటుంది. ఆ రంగుకు కారణం ఎలాస్టిన్. మిగతా లిగమెంట్లలో చాలా కొద్దిగా ఉండే ఈ సాగే ప్రోటీన్ ఇక్కడ కొలాజెన్‌ కంటే ఎక్కువ. ఎందుకంటే ఈ లిగమెంట్‌కు సరిగ్గా ముందే వెన్నుపాము ఉంటుంది. ముందుకు వంగినప్పుడు సాగి, నిటారుగా లేచినప్పుడు మడత పడకుండా వెనక్కి రావాలి. మడత పడితే వెళ్లి నొక్కేది వెన్నుపామునే. వయసు మీదపడ్డాక ఇది దళసరెక్కి, సాగే గుణం తగ్గి, వెన్ను నాళాన్ని ఇరుకు చేయడం పెద్దవాళ్లలో కాళ్ల తిమ్మిర్లకూ, కాస్త దూరం నడవగానే ఆగాల్సి రావడానికీ ఒక ముఖ్య కారణం.

ఎక్కడ ఏ పని

శరీరంలో అత్యంత బలమైనదిగా చెప్పే లిగమెంట్ తుంటి కీలు ముందు ఉంటుంది. తలకిందులైన ఆంగ్ల అక్షరం వై ఆకారంలో ఉండే ఇలియోఫెమోరల్ లిగమెంట్ అది. నిటారుగా నిలబడినప్పుడు ఒంటి బరువు తుంటి కీలుకు కాస్త వెనకగా పడుతుంది. దాంతో మొండెం వెనక్కి వాలాలని చూస్తుంది. ఆ వాలును ఆపేది ఈ లిగమెంటే. కండరాలు పెద్దగా శ్రమ పడకుండా మనిషి గంటసేపు నిలబడగలుగుతున్నాడంటే ఇదొక కారణం. కండరం బిగుసుకోవాలంటే శక్తి ఖర్చు. లిగమెంట్ బిగుసుకోవడానికి ఖర్చేమీ లేదు.

బలంలో కాదు గానీ, ప్రాణం నిలపడంలో దీన్ని మించింది మెడలో ఉంది. తల కింద ఉండే మొదటి వెన్నుపూస ఉంగరంలా ఉంటుంది. రెండో వెన్నుపూస నుంచి పన్నులాంటి ఎముక ఒకటి పైకి పొడుచుకొచ్చి ఆ ఉంగరంలో కూర్చుంటుంది. తల అడ్డంగా తిప్పినప్పుడు ఆ ఉంగరం ఈ పన్ను చుట్టూ తిరుగుతుంది. పన్ను వెనక్కి జరిగి వెన్నుపామును నొక్కకుండా ఆపేది ట్రాన్స్‌వర్స్ లిగమెంట్ అనే అడ్డపట్టీ. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో ఇది దెబ్బతినవచ్చు, డౌన్ సిండ్రోమ్ ఉన్న కొందరిలో వదులుగా ఉండవచ్చు. అలాంటివారికి ఆపరేషన్ చేసేముందు మత్తు డాక్టర్లు మెడ విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్త పడతారు.

కీళ్లతో సంబంధం లేని లిగమెంట్లలో కొన్నింటిని పేరుకే అలా పిలుస్తారు. కాలేయానికి ఆనుకుని ఉండే రౌండ్ లిగమెంట్ నిజానికి గర్భంలో ఉన్నప్పుడు బొడ్డుతాడు నుంచి రక్తం తెచ్చిన సిర. పుట్టాక పని లేక ఎండిపోయి పట్టీలా మిగిలింది. వీటిని పక్కన పెట్టవచ్చు. కానీ పంటి దగ్గర ఉన్నదాన్ని మాత్రం అంత తేలిగ్గా వదిలేయలేం. పన్ను దవడ ఎముకలోకి నేరుగా అతుక్కుని ఉండదు. రెంటి మధ్య మిల్లీమీటరులో ఐదో వంతు మందం గల పెరియోడాంటల్ లిగమెంట్ ఉంటుంది. నమిలినప్పుడు పడే ఒత్తిడిని అది మింగేస్తుంది. పంటి కింద చిన్న ఇసుక రేణువు పడినా తెలిసిపోయేది దానిలోని నరాల వల్లే. వంకర పళ్లకు క్లిప్పులు వేస్తే పళ్లు జరగడం కూడా దీని పుణ్యమే. క్లిప్పు లాగిన దిక్కున లిగమెంట్ నలిగి, అటువైపు ఎముక కరుగుతుంది. రెండో వైపు లిగమెంట్ సాగి, అక్కడ కొత్త ఎముక ఏర్పడుతుంది. డెంటల్ ఇంప్లాంట్ చుట్టూ ఈ లిగమెంట్ ఉండదు, అందుకే ఇంప్లాంట్ క్లిప్పులకు జరగదు.

ఓడల కాలంలో నావికులను బలిగొన్న స్కర్వీ జబ్బులో పళ్లు ఊగి రాలిపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. కొలాజెన్ గట్టిగా అల్లుకోవాలంటే విటమిన్ సి కావాలి. పంటి లిగమెంట్‌లో కొలాజెన్ చాలా వేగంగా మారిపోతూ ఉంటుంది. పాతది పోతుంది, విటమిన్ సి లేక కొత్తది సరిగ్గా తయారు కాదు. దాంతో పళ్ల పట్టు వదులవుతుంది. 1747లో జేమ్స్ లిండ్ అనే బ్రిటిష్ నౌకా వైద్యుడు జబ్బుపడిన నావికులను జంటలుగా విడదీసి వేర్వేరు పదార్థాలు ఇచ్చి చూశాడు. నారింజలు, నిమ్మపండ్లు తిన్న ఇద్దరే త్వరగా కోలుకున్నారు. విటమిన్ అన్న ఆలోచన అప్పటికి పుట్టనే లేదు. లిగమెంట్ ఎప్పటికప్పుడు తనను తాను తిరిగి కట్టుకునే కణజాలం అనడానికి ఇంతకంటే స్పష్టమైన రుజువు అక్కర్లేదు.

బెణికిన కాలు మళ్లీ మళ్లీ ఎందుకు బెణుకుతుంది?

చీలమండ బెణుకు చాలా మామూలు గాయం. పాదం లోపలికి మడత పడుతుంది. బయటివైపున ఉన్న మూడు లిగమెంట్లలో సాధారణంగా ముందుదే మొదట దెబ్బతింటుంది. వాపు తగ్గుతుంది, నొప్పి పోతుంది. కొన్నాళ్లకు చదునైన నేల మీదే కాలు మళ్లీ మడత పడుతుంది. లిగమెంట్ సాగి వదులైపోయిందని అందరూ అనుకుంటారు. అయితే పరీక్షించి చూస్తే అలాంటివారిలో కొందరి కీలు అంత వదులుగా ఏమీ ఉండదు.

1965లో బ్రిటిష్ సర్జన్ మైఖేల్ ఫ్రీమన్, ఆయన సహచరులు దీనికి వేరే వివరణ ఇచ్చారు. లిగమెంట్లలో నరాల చివరలు ఉంటాయి. కీలు ఏ కోణంలో ఉంది, ఎంత లాగుడు పడుతోంది అన్న సమాచారం వాటి ద్వారా వెన్నుపాముకూ మెదడుకూ వెళ్తుంది. లిగమెంట్ చిరిగినప్పుడు పోగులతోపాటు ఈ నరాలూ తెగుతాయి. పోగులు అతుక్కున్నా ఆ సమాచారం సరిగ్గా అందదు. పాదం నేలను తాకబోయే ముందు ఏ కోణంలో ఉందో తెలియకపోతే కండరాలు సరైన సమయానికి సిద్ధం కావు. ఫ్రీమన్ సూచించిన చికిత్స ఊగే చెక్క మీద ఒంటికాలిపై నిలబడే సాధన. ఇప్పటికీ ఫిజియోథెరపీ గదుల్లో ఆ వాబుల్ బోర్డు కనిపిస్తుంది. మోకాలి కీలు నడిమధ్య తొడ ఎముకను కాలి ఎముకతో కలిపే ఏసీఎల్ అనే లిగమెంట్‌లో కూడా ఇలాంటి నరాల చివరలు ఉన్నాయని 1980లలో సూక్ష్మదర్శిని పరీక్షల్లో తేలింది.

ఇక్కడ అతిగా ఊహించుకోకూడని విషయం ఒకటుంది. లిగమెంట్ ప్రమాదాన్ని పసిగట్టి అప్పటికప్పుడు కండరాన్ని హెచ్చరించి గాయాన్ని ఆపేస్తుందని కొన్నిచోట్ల రాస్తుంటారు. అంత సమయం ఉండదు. ఆటల్లో ఏసీఎల్ తెగిన వీడియోలను విశ్లేషించినప్పుడు పాదం నేలను తాకిన తర్వాత సుమారు 40 నుంచి 50 మిల్లీసెకన్లలోనే అంతా అయిపోతున్నట్టు తేలింది. కండరం స్పందించి తగినంత బలం పుట్టించే లోపే లిగమెంట్ తెగిపోతుంది. కాబట్టి లిగమెంట్ పంపే సమాచారం విలువ ఆ క్షణంలో కంటే అంతకుముందే ఎక్కువ. ఎలా దూకాలి, ఎలా దిగాలి, దిగేముందు ఏ కండరాన్ని ఎంత బిగించి ఉంచాలి అన్నది మెదడు ఇలాంటి సమాచారంతోనే నేర్చుకుంటుంది. ఫుట్‌బాల్ ఆటగాళ్ల కోసం ఫిఫా తెచ్చిన 11 ప్లస్ లాంటి వార్మప్ కార్యక్రమాలు గాయాలను తగ్గించడానికి కారణం అదే. అవి లిగమెంట్‌ను లావు చేయవు, నేల మీదికి దిగే తీరును మారుస్తాయి. ఏసీఎల్ గాయాల్లో ఎక్కువ భాగం ఎవరూ గుద్దకుండానే జరుగుతాయని గుర్తుంచుకుంటే ఈ సాధన ఎంత ముఖ్యమో తెలుస్తుంది.

విశ్రాంతి చేసే నష్టం

లిగమెంట్ గాయాలను మూడు స్థాయిలుగా చెబుతారు. పోగులు సాగి కొద్దిగా దెబ్బతినడం మొదటిది, కొంత భాగం చిరగడం రెండోది, పూర్తిగా తెగడం మూడోది. నొప్పిని బట్టి స్థాయిని అంచనా వేయడం మోసం చేస్తుంది. సగం చిరిగిన లిగమెంట్ లాగినప్పుడల్లా ప్రాణం తీస్తుంది. పూర్తిగా తెగినదాన్ని లాగడానికి ఏమీ మిగలదు కనుక కొందరికి నొప్పి తక్కువగానే ఉండి, కీలు మాత్రం పట్టు తప్పుతూ ఉంటుంది. పిల్లల సంగతి మళ్లీ వేరు. వాళ్ల ఎముకల చివర పెరుగుదల జరిగే భాగం లిగమెంట్ కంటే బలహీనం. పెద్దవాళ్లలో లిగమెంట్ తెగే దెబ్బకు పిల్లల్లో ఆ భాగం విరగవచ్చు, లేదా లిగమెంట్ అతుక్కున్న ఎముక ముక్క ఊడిరావచ్చు. పిల్లల బెణుకును కేవలం బెణుకే అనుకోవడం అందుకే మంచిది కాదు.

పెద్దవాళ్లలో చీలమండ బెణికితే ఎక్స్‌రే ఎప్పుడు అవసరమో చెప్పే ఒట్టావా నియమాలు 1992లో వచ్చాయి. అవి చాలా సరళం. దెబ్బ తగిలిన వెంటనేనూ, పరీక్ష సమయంలోనూ రెండుసార్లూ నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే, లేదా చీలమండకు అటూ ఇటూ ఉండే గుబ్బ ఎముకల వెనుక అంచు మీద గానీ కొన మీద గానీ నొక్కితే నొప్పి ఉంటే ఎక్స్‌రే తీయాలి. పాదం మధ్యభాగంలోని రెండు చోట్లకూ ఇలాంటి నియమమే ఉంది. ఇవేవీ లేకపోతే ఎముక విరిగి ఉండే అవకాశం చాలా తక్కువ.

గాయం మానడం మూడు దశల్లో జరుగుతుంది. మొదటి కొన్ని రోజులు రక్తం గడ్డకట్టి, వాపు వస్తుంది. వాపును శత్రువులా చూస్తాం గానీ, మరమ్మతు చేసే కణాలు వచ్చేది ఆ దారినే. తర్వాతి కొన్ని వారాల్లో హడావిడిగా కొత్త కొలాజెన్ తయారవుతుంది, అది ఒక క్రమం లేకుండా అన్ని దిక్కులా పడి ఉంటుంది. మూడో దశలో, నెలల తరబడి, కొన్నిసార్లు ఏడాది దాటి, ఆ పోగులు సరైన దిక్కుకు తిరుగుతాయి. వాటికి దిక్కు చూపించేది లాగుడే. కీలును కదపకుండా ఉంచితే ఆ సూచన అందదు.

మంచి లిగమెంట్‌ కూడా కదలిక లేకపోతే బలహీనపడుతుంది. 1970లలో ఫ్రాంక్ నోయిస్ కోతులపై చేసిన ప్రయోగంలో 8 వారాలు కాలిని కదలకుండా కట్టేస్తే ఏసీఎల్ బలం దాదాపు 40 శాతం పడిపోయింది. అది తిరిగి రావడానికి ఏడాది వరకు పట్టింది. రెండు నెలల్లో పోయినదాన్ని తెచ్చుకోవడానికి ఏడాది! కట్టు విప్పిన రోజునే పూర్వపు బలం వచ్చేసినట్టు పరుగెత్తడం ఎంత ప్రమాదమో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

విశ్రాంతి, ఐసు, బిగుతు కట్టు, కాలు ఎత్తుగా పెట్టుకోవడం అనే నాలుగు సూత్రాల ఆంగ్ల పదాల మొదటి అక్షరాలు కలిపి రైస్ (RICE) అనే పేరు పెట్టింది 1978లో అమెరికన్ వైద్యుడు గేబ్ మిర్కిన్. దశాబ్దాల తర్వాత ఆయనే పూర్తి విశ్రాంతి, ఎక్కువసేపు ఐసు గాయం మానడాన్ని ఆలస్యం చేయవచ్చని చెప్పారు. తొలి ఒకటి రెండు రోజులు నొప్పి తగ్గడానికి ఐసు పెట్టుకోవడంలో ఇబ్బంది లేదు. ఆ తర్వాత మాత్రం నొప్పి పెరగని మేరకు పాదం ఆడించడం, బ్రేస్ వేసుకుని బరువు మోపడం మొదలుపెట్టడమే చాలా బెణుకులకు మేలు.

మోకాలు: ఒకే కీలు, రెండు తలరాతలు

మోకాలి లోపలి పక్కన ఉండే ఎంసీఎల్ తెగితే చాలావరకు ఆపరేషన్ లేకుండానే మానుతుంది. దానికి కేవలం కొద్ది సెంటీమీటర్ల దూరంలో, కీలు నడిమధ్య ఉండే ఏసీఎల్ తెగితే అలా మానడం అరుదు. ఎంసీఎల్ కీలు బయట ఉంది, చుట్టూ రక్తం అందే కణజాలం ఉంది. తెగిన చోట రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ రెండు కొసల మధ్య వంతెన అవుతుంది. ఏసీఎల్ కీలు ద్రవంలో ఉంటుంది. అక్కడ గడ్డ నిలవదు, కరిగిపోతుంది. కొసలు విడివిడిగా కుంచించుకుపోతాయి. రెండు లిగమెంట్ల కొలాజెన్‌లో పెద్ద తేడా లేదు, ఉన్న చోటులోనే తేడా.

ఏసీఎల్‌ను కుట్టే ప్రయత్నం కొత్తది కాదు. 1895లో ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో మేయో రాబ్సన్ ఒక గని కార్మికుడి మోకాలిలో ఈ లిగమెంట్‌ను కుట్టాడు. తర్వాతి కాలంలో కుట్టడం కంటే, రోగి సొంత టెండాన్ ముక్క తీసి కొత్త లిగమెంట్‌గా అమర్చడమే ప్రధాన పద్ధతిగా స్థిరపడింది. తెగిన కొసల మధ్య రోగి రక్తంతో తడిపిన కొలాజెన్ స్పాంజిలాంటి దాన్ని పెట్టి గడ్డ కరగకుండా నిలిపే పద్ధతికి 2020లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది.

ఏసీఎల్ తెగిన ప్రతివారికీ ఆపరేషన్ తప్పదా అన్నది ఇంకా వాదనలో ఉన్న ప్రశ్న. స్వీడన్‌లో 121 మంది చురుకైన యువతపై జరిగిన కానన్ అధ్యయనం ఫలితాలు 2010లో వచ్చాయి. సగం మందికి వెంటనే ఆపరేషన్ చేసి వ్యాయామ చికిత్స ఇచ్చారు. మిగతావారికి వ్యాయామ చికిత్సే ఇచ్చి, అవసరమైతే తర్వాత ఆపరేషన్ అన్నారు. రెండేళ్ల తర్వాత రెండు జట్ల మోకాళ్ల పరిస్థితిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండో జట్టులో ఎక్కువమందికి అప్పటికి ఆపరేషన్ అవసరం పడలేదు. ఐదేళ్లకు చూస్తే సుమారు సగం మంది చేయించుకున్నారు. దీన్ని బట్టి ఆపరేషన్ దండగ అనడం తొందరపాటు. మలుపులు తిరుగుతూ పరుగెత్తే ఆటలు ఆడేవారికి, రోజువారీ నడకలోనే మోకాలు పట్టు తప్పేవారికి, మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ కూడా చిరిగినవారికి లెక్క వేరు. కానీ ఎంఆర్‌ఐ రిపోర్టు చేతికి వచ్చిన రోజే ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకోవాల్సిన అవసరం చాలామందికి లేదన్నది మాత్రం గట్టిగానే చెప్పవచ్చు.

వయసు ప్రభావం కూడా పెద్దదే. ప్రయోగశాలలో దానం చేసిన మోకాళ్లపై కొలిచినప్పుడు 22 నుంచి 35 ఏళ్లవారి ఏసీఎల్ సగటున సుమారు 2,160 న్యూటన్ల బలాన్ని తట్టుకుంది. అంటే దాదాపు 220 కిలోల బరువు వేలాడదీసినంత. అరవై దాటినవారిలో అది సుమారు 660 న్యూటన్లకు పడిపోయింది. ఆడవారిలో, అదే ఆట ఆడే మగవారితో పోలిస్తే, ఏసీఎల్ గాయాలు కనీసం రెండు రెట్లు ఎక్కువ. హార్మోన్లు, ఎముకల ఆకృతి, దూకి దిగే తీరు, సాధనకు దొరికే అవకాశాలు, ఇలా చాలా కారణాలు చెబుతారు. మార్చగలిగేవి చివరి రెండే.

అమర్చిన టెండాన్ మొదటి రోజు నుంచే లిగమెంట్ అయిపోదు. ముందు దానిలోని పాత కణాలు చనిపోతాయి, తర్వాత కొత్త రక్తనాళాలు, కణాలు లోపలికి వస్తాయి. ఈ మార్పు జరిగే తొలి నెలల్లో అది అమర్చిన రోజుకంటే బలహీనంగా ఉంటుంది. చిక్కేమిటంటే సరిగ్గా ఆ సమయానికే నొప్పి తగ్గి, నడక మామూలై, అంతా బాగైపోయిందన్న ధీమా వస్తుంది. 2016లో వచ్చిన ఒక నార్వే అధ్యయనంలో, ఆపరేషన్ తర్వాత తొమ్మిది నెలల వరకు ఆటకు తిరిగి వెళ్లడాన్ని ఒక్కో నెల ఆలస్యం చేసినకొద్దీ మోకాలికి మళ్లీ గాయమయ్యే రేటు సుమారు సగం చొప్పున తగ్గింది. క్యాలెండర్ ఒక్కటీ చాలదు. తొడ ముందు కండరం బలం రెండో కాలితో పోలిస్తే కనీసం 90 శాతానికి చేరిందా, ఒంటికాలిపై దూకే పరీక్షల్లో రెండు కాళ్ల మధ్య తేడా 10 శాతం లోపే ఉందా అన్నవి కూడా చూశాకే మైదానంలోకి పంపాలని ఇప్పుడు ఎక్కువమంది నిపుణులు అంటున్నారు.